వెస్ట్ పాయింట్‌లో వెలి: తొలి నల్లజాతి కేడెట్లను అడ్డుకున్నది ఏమిటి?

అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో చేరిన తొలి నల్లజాతి యువకుడు ఎవరని వెతికితే చాలాచోట్ల హెన్రీ ఫ్లిప్పర్ పేరు కనిపిస్తుంది. అది పొరపాటు. అక్కడ చదువు పూర్తిచేసి అధికారి అయిన తొలి నల్లజాతీయుడు ఫ్లిప్పర్. ఆయన చేరడానికి మూడేళ్ల ముందే, 1870లో, జేమ్స్ వెబ్‌స్టర్ స్మిత్ ఆ ప్రాంగణంలో అడుగుపెట్టారు. నాలుగేళ్లు అక్కడే ఉన్నారు. పట్టా మాత్రం దక్కలేదు. గెలిచినవారి పేరు నిలిచి, దారి వేసినవారి పేరు మరుగున పడటం వల్లే ఈ గందరగోళం. స్మిత్ ఎందుకు ఓడిపోయారో అర్థమైతేనే ఫ్లిప్పర్ గెలుపు విలువ తెలుస్తుంది.

క్లుప్తంగా: 1870 నుంచి 1889 వరకు వెస్ట్ పాయింట్‌లో చేరిన నల్లజాతి యువకులు సుమారు పన్నెండు మంది. చదువు పూర్తిచేసినవారు ముగ్గురు. ఆ తర్వాత 47 ఏళ్లపాటు ఒక్కరూ లేరు. నల్లజాతివారు చేరరాదనే నిబంధన మాత్రం ఆ కాలంలో ఏదీ లేదు. తోటి కేడెట్లు వేసిన వెలి, దాన్ని చూస్తూ అధికారులు పాటించిన తటస్థత, సీట్ల వెనుక ఉన్న ఓటు రాజకీయం కలిసి ఈ ఫలితాన్ని ఇచ్చాయి.

## సీటుకు మూలం ఓటు

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున 1802లో ఏర్పడిన ఈ అకాడమీలో పరీక్ష రాసినంత మాత్రాన సీటు దొరకదు. ముందు ఎవరైనా నామినేట్ చేయాలి. పందొమ్మిదో శతాబ్దంలో ఎక్కువ సీట్లు ప్రతినిధుల సభ సభ్యుల చేతిలో ఉండేవి. ఒక్కో నియోజకవర్గానికి ఒక్కో కేడెట్ చొప్పున వారు పేరు పంపేవారు. ప్రవేశ పరీక్ష, వైద్య పరీక్ష ఆ తర్వాతి మెట్లు. కాబట్టి ఎవరు చేరగలరన్నది సైన్యం కంటే ముందు ఓటరు నిర్ణయించేవాడు.

1865లో అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాది రాష్ట్రాల్లో బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి పురుషులకు ఓటుహక్కు వచ్చింది. 1877 దాకా సాగిన ఆ దశను పునర్నిర్మాణ కాలం అంటారు. వారి ఓట్లతో గెలిచిన సభ్యులకు నల్లజాతి యువకుడిని వెస్ట్ పాయింట్‌కు పంపడం అప్పుడు సాధ్యమైంది. దక్షిణ కరోలినా సభ్యుడు సాలమన్ హోగ్ స్మిత్‌ను, జార్జియా సభ్యుడు జేమ్స్ ఫ్రీమన్ ఫ్లిప్పర్‌ను పంపారు. నామినేట్ చేసిన ఇద్దరూ శ్వేతజాతీయులే.

రెండో మెట్టయిన ప్రవేశ పరీక్ష దగ్గరే చాలామంది ఆగిపోయారు. 1870లో స్మిత్‌తోపాటు మిసిసిపీ నుంచి వచ్చిన మైకేల్ హోవర్డ్ అలా వెనుదిరిగినవారే. దక్షిణాదిలో చాలా రాష్ట్రాలు బానిసలకు చదువు చెప్పడాన్నే నేరంగా చూసిన రోజులు అప్పటికి ఎంతో దూరం కాలేదు. ఒక దాత సాయంతో కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో చదువుకునే అవకాశం స్మిత్‌కు దొరికింది. 1856లో బానిస బిడ్డగా పుట్టిన ఫ్లిప్పర్, విముక్తులైన వారి కోసం వెలసిన అట్లాంటా విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడిదాకా చేరినవారు మామూలు విద్యార్థులు కారన్నది గుర్తుంచుకోవాలి.

## పలకరింపు లేని నాలుగేళ్లు

వెస్ట్ పాయింట్‌లో కొత్త కేడెట్లను సీనియర్లు ఏడిపించడం అందరికీ జరిగేదే. తెల్లవారైనా నల్లవారైనా మొదటి ఏడాది కష్టంగానే గడిచేది. ఈ పోలిక చూపించి, నల్లజాతి కేడెట్లకు జరిగింది ప్రత్యేకమైనదేమీ కాదని కొందరు వాదించారు. ఆ వాదనలో లోపం ఉంది. తెల్ల కేడెట్‌కు ఆ వేధింపు బృందంలో చేరేందుకు ఒక గడప. ఏడాది గడిస్తే అతడు వారిలో ఒకడవుతాడు. నల్లజాతి కేడెట్‌కు ఆ గడప దాటే రోజు రాలేదు.

అతనితో గదిని పంచుకునే తెల్లవారు లేరు. భోజనాల బల్ల దగ్గర ఎవరూ మాట కలపరు. విధి నిర్వహణకు తప్పనిసరైన రెండు ముక్కలు మినహా పలకరింపు లేదు. దీనికి తెలుగులో సరిగ్గా అతికే మాట వెలి. అబద్ధమో మోసమో చేసిన కేడెట్‌తో మిగతావారంతా మాటలు మానేయడం వెస్ట్ పాయింట్‌లో గౌరవ నియమం కింద అమలైన శిక్ష. ఆ సంప్రదాయాన్ని 1973లో గానీ వదులుకోలేదు. నల్లజాతి కేడెట్ల విషయంలో ఆరోపణ, విచారణ ఏవీ లేకుండానే, అడుగుపెట్టిన రోజుల్లోనే అదే శిక్ష మొదలైంది.

ఈ వెలి ఎలా నిలబడిందో ఫ్లిప్పర్ తన అనుభవాల పుస్తకంలో నమోదు చేశారు. ఒంటరిగా ఎదురైనప్పుడు మామూలుగా మాట్లాడిన కొందరు తెల్ల కేడెట్లు, పక్కన మరొకరు ఉంటే ముఖం తిప్పుకునేవారు. ద్వేషం అందరిలోనూ సమానంగా లేదు. నల్లవాడితో మాట్లాడినవాడికి తానూ వెలి పడతానన్న భయం మాత్రం అందరికీ ఉంది. పల్లెలో వెలి నడిచే తీరు తెలిసిన పాఠకులకు ఇది కొత్తగా అనిపించదు. కట్టుబాటును కాపాడేందుకు ఊరంతా క్రూరంగా ఉండనక్కరలేదు, తప్పినవారికి ఏమవుతుందో అందరికీ తెలిస్తే చాలు.

అధికారుల వైఖరి ఇక్కడ కీలకం. తరగతిలో, కవాతులో, మార్కుల్లో తాము భేదం చూపడం లేదని, ఎవరు ఎవరితో స్నేహం చేయాలో శాసించడం తమ పని కాదని వారు చెప్పేవారు. 1880లో అక్కడి ఆచార్యుడు పీటర్ మికీ ఒక ప్రముఖ అమెరికన్ పత్రికలో వెస్ట్ పాయింట్‌పై వ్యాసం రాస్తూ శీర్షికలో వాడిన మాట కులం అనే అర్థమిచ్చే ‘కాస్ట్’. జాతి వివక్షను వర్ణించడానికి ఆనాటి అమెరికన్లకు భారతదేశపు వ్యవస్థ పేరే తోచడం గమనించదగ్గది.

## మాటకు సాక్షి ఎవరు?

స్మిత్, ఫ్లిప్పర్, మరో నల్లజాతి కేడెట్ జాన్సన్ విటేకర్ ముగ్గురూ కోర్టు మార్షల్, అంటే సైనిక న్యాయస్థానంలో విచారణ, ఎదుర్కొన్నారు. మూడు కేసులను పక్కపక్కన పెడితే ఒక సారూప్యం బయటపడుతుంది. ముగ్గురినీ ముంచిన ఆరోపణ ఒకటే: అబద్ధం.

స్మిత్‌పై మొదటి కేసు 1870 వేసవిలో నీళ్ల దగ్గర జరిగిన గొడవ వల్ల వచ్చింది. కొబ్బరిచిప్పతో చేసిన ముంతతో ఆయన ఒక తెల్ల కేడెట్‌ను కొట్టారు. అందులో శిక్ష తేలికగానే తేలింది. కొద్ది నెలల్లోనే రెండో కేసు నడిచింది. కవాతు వరుసలో జరిగిన చిన్న వివాదంపై ఇచ్చిన సంజాయిషీలో అబద్ధం చెప్పారని తేల్చి, బహిష్కరణ శిక్ష వేశారు. అధ్యక్షుడు గ్రాంట్ దాన్ని ఒక ఏడాది వెనక్కి నెట్టే శిక్షగా తగ్గించారు. కేడెట్‌గా ఉన్న గ్రాంట్ సొంత కుమారుడు 1871లోనే పట్టా అందుకున్నాడు.

విటేకర్ కేసు ఆ కాలంలో దేశమంతటా పత్రికలకెక్కింది. 1858లో దక్షిణ కరోలినాలో బానిస బిడ్డగా పుట్టిన ఆయన 1876లో చేరారు. మొదటి ఏడాది ఫ్లిప్పర్‌తో గది పంచుకున్నారు. ఫ్లిప్పర్ పట్టా అందుకుని వెళ్లాక ఎక్కువ కాలం ఒంటరిగానే గడిపారు. 1880 ఏప్రిల్ 6 ఉదయం హాజరుకు రాకపోతే గదికి వెళ్లి చూశారు. కాళ్లు మంచానికి కట్టేసి ఉన్నాయి. చేతులు కట్టేసి ఉన్నాయి. చెవి కోసి ఉంది, జుట్టు అక్కడక్కడ కత్తిరించి ఉంది. ముసుగులు వేసుకున్న ముగ్గురు రాత్రి తనపై దాడి చేశారని ఆయన చెప్పారు. జాగ్రత్తగా ఉండమని హెచ్చరిస్తూ అంతకుముందు వచ్చిన సంతకం లేని చీటీని కూడా చూపించారు.

కేడెట్లందరూ తమకేమీ తెలియదన్నారు. గౌరవ నియమానికి కట్టుబడినవారు అబద్ధమాడరన్నది అకాడమీ నమ్మకం. అందరూ నిజమే చెబుతున్నారంటే అబద్ధమాడుతున్నది మిగిలిన ఆ ఒక్కడే. జూన్ పరీక్షలు తప్పించుకోవడానికి విటేకర్ తనను తానే కోసుకుని కట్టేసుకున్నారని అధికారులు తేల్చారు. చీటీలోని రాత ఆయనదేనని చేతిరాత నిపుణులు వాదించారు. తన నిర్దోషిత్వం తేల్చుకునేందుకు విటేకరే విచారణ కోరారు. 1881లో న్యూయార్క్ నగరంలో కోర్టు మార్షల్ జరిగింది, దోషి అని తీర్పు వచ్చింది.

ఇక్కడే వెలికీ న్యాయానికీ ఉన్న ముడి తెలుస్తుంది. పక్కగదిలో ఉండి మాట్లాడే మనిషి లేనివాడికి సాక్షి ఉండడు. అతని స్వభావం గురించి చెప్పగల స్నేహితుడూ ఉండడు. ఏ వివాదమైనా అతని ఒక్క మాటకూ వందల మంది మాటకూ మధ్య పోటీ అవుతుంది. నిజాయతీని సంఖ్యతో తూచే వ్యవస్థలో ఒంటరివాడు అబద్ధీకుడిగా తేలడానికి ఎవరూ ప్రత్యేకంగా కుట్ర పన్నాల్సిన పని లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొట్టినందుకు స్మిత్ విచారణకు గురయ్యారు. విటేకర్ అందుకు భిన్నంగా ప్రవర్తించారు. ఒక తెల్ల కేడెట్ తనను కొట్టినప్పుడు తిరిగి కొట్టకుండా పైవారికి ఫిర్యాదు చేశారు. కొట్టినవాడిని కొంతకాలం సస్పెండ్ చేశారు. ఆ తర్వాత విటేకర్‌కు పడ్డ ముద్ర పిరికివాడు. తిరగబడితే క్రమశిక్షణ లేనివాడు, ఓర్చుకుంటే మగతనం లేనివాడు. మధ్యలో నడవడానికి ఫ్లిప్పర్ ఎంచుకున్న దారి ఫిర్యాదు చేయకపోవడం, ఎదురు చెప్పకపోవడం, చదువులో వెనుకబడకపోవడం. 1877 జూన్‌లో 76 మందిలో 50వ స్థానంలో ఆయన పట్టా అందుకున్నప్పుడు సభలో చప్పట్లు మోగాయి.

ఆ ఓర్పు కూడా ఆయనను చివరిదాకా కాపాడలేదు. నల్లజాతి సైనికులతో కూడిన 10వ అశ్వికదళంలో లెఫ్టినెంట్‌గా, నేటి ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్ వద్ద ఆయన తవ్వించిన మురుగు కాలువ మలేరియాకు కారణమైన నీటిగుంటలను ఎండబెట్టింది. నేటికీ దానికి ఆయన పేరే ఉంది. 1881లో టెక్సస్‌లోని ఫోర్ట్ డేవిస్‌లో సరుకుల ఖాతా సొమ్ము తగ్గిందని కేసు పెట్టారు. ఊరివాళ్లు చందాలు వేసుకుని లోటు పూడ్చడానికి సాయపడ్డారు. సొమ్ము కాజేశారన్న ఆరోపణ కోర్టులో వీగిపోయింది. లోటును దాచి పైఅధికారికి అబద్ధం చెప్పినందుకు, అధికారికి తగని ప్రవర్తన అనే నేరం మాత్రం నిలిచింది. ఈ కేసులో ఆయన నిజం దాచిన మాట వాస్తవమే. ప్రశ్న శిక్ష గురించి. సైన్యపు ప్రధాన న్యాయాధికారి తేలిక శిక్ష చాలని సూచించినా, 1882లో ఉద్యోగం నుంచి తొలగించారు.

## స్కోఫీల్డ్ చెప్పినది, చేసినది

విటేకర్ ఉదంతం నాటికి అకాడమీ సూపరింటెండెంట్ జనరల్ జాన్ స్కోఫీల్డ్. 1879 ఆగస్టులో ఆయన కేడెట్లకు ఒక ప్రసంగం చేశారు. స్వేచ్ఛాదేశపు సైనికులను యుద్ధంలో నమ్మదగినవారిగా తీర్చే క్రమశిక్షణ కరకుతనంతోనూ, నిరంకుశత్వంతోనూ రాదన్నది దాని సారాంశం. కేడెట్లు ఈనాటికీ ఆ వాక్యాలను కంఠతా నేర్చుకుంటారు. ఎనిమిది నెలలు తిరగకుండానే, రక్తమోడుతూ దొరికిన కేడెట్‌ను అబద్ధీకుడని నమ్మినవారూ ఆయనే. బానిసత్వంలో పుట్టిన యువకుడిని ఇక్కడికి పంపడమంటే, తెల్లవారు వందల ఏళ్లలో చేరిన స్థాయికి నల్లవారు సగం తరంలో చేరారని అనుకోవడమేనని 1880 నివేదికలో వాదించారు. ఇది మూర్ఖుడి మాట కాదు. దయగల పెద్దమనిషిగా పేరున్నవాడి మాట. అందుకే దాన్ని ఎదుర్కోవడం మరింత కష్టమైంది. 1881 ఆరంభంలో ఆయన స్థానంలో జనరల్ ఆలివర్ హోవర్డ్‌ను నియమించారు.

## ఇద్దరు గురువులు, రెండు ఫలితాలు

ఆనాటి వెస్ట్ పాయింట్‌లో రోజూ బ్లాక్‌బోర్డు దగ్గర నిలబడి పాఠం అప్పజెప్పాల్సి ఉండేది. రోజూ మార్కులు పడేవి. ఒక్క సబ్జెక్టులో తప్పినా ఇంటికి పంపే వీలుండేది. మరోసారి అవకాశం ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం పెద్దల విచక్షణ. నిబంధన అందరికీ ఒకటే, విచక్షణ ఒకటి కాకపోవచ్చు.

1874లో స్మిత్ భౌతికశాస్త్రంలో తప్పారు. ఆ పరీక్ష పెట్టిన ఆచార్యుడు, తర్వాత కులంపై వ్యాసం రాసిన మికీ. మరో అవకాశం కోసం స్మిత్ చేసిన విన్నపం ఫలించలేదు. ఆయన దక్షిణ కరోలినాలోని ఆరెంజ్‌బర్గ్‌లో ఉన్న నల్లజాతి కళాశాలలో యువకులకు కవాతు నేర్పుతూ 1876లో క్షయతో చనిపోయారు. వయసు ఇరవైల్లోనే.

పదిహేనేళ్ల తర్వాత, 1889లో, మరో నల్లజాతి కేడెట్ చార్లెస్ యంగ్ ఇంజినీరింగ్‌లో తప్పారు. అప్పటికే గణితంలో తప్పి ఒక ఏడాది మళ్లీ చదివినవారు. ఈసారి ఒక బోధకుడు వేసవిలో కూర్చోబెట్టి పాఠాలు చెప్పాడు. పనామా కాలువ నిర్మాతగా తర్వాత ప్రసిద్ధుడైన జార్జ్ గోథల్స్ ఆయనే. యంగ్ మళ్లీ పరీక్ష రాసి నెగ్గి, 49 మంది తరగతిలో చివరివాడిగా అధికారి అయ్యారు. ఇద్దరి తెలివిలో తేడా ఎంతో లెక్కగట్టే సాధనం లేదు. దొరికిన గురువులో తేడా మాత్రం కళ్లెదుట ఉంది.

## ఎవరు ఎవరికి వందనం చేయాలి?

ఇంతటి ప్రతిఘటన దేనికి? 1866లో అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ నల్లజాతి సైనికులతో శాశ్వత రెజిమెంట్లు ఏర్పాటు చేసింది. 9వ, 10వ అశ్వికదళాలు వాటిలోవే. నల్లవారు సైనికులు కావడానికి అప్పుడు పెద్ద అభ్యంతరం రాలేదు. ఆ రెజిమెంట్లకు అధికారులు మాత్రం తెల్లవారు. వెస్ట్ పాయింట్ అధికారులను తయారుచేస్తుంది. అప్పట్లో సైన్యంలో పదోన్నతి సీనియారిటీని బట్టి వచ్చేది. ఒక నల్లజాతి లెఫ్టినెంట్ చాలినంత కాలం కొనసాగితే, ఏదో ఒకరోజు తెల్ల అధికారులు ఆయనకు వందనం చేసి ఆజ్ఞలు పాటించాల్సిందే.

యంగ్ జీవితంలో ఆ రోజు నిజంగానే దగ్గరపడింది. 1903లో సెకోయా జాతీయ ఉద్యానానికి ఆయన సూపరింటెండెంట్. 1916లో మెక్సికోలోకి అమెరికా సైన్యం జరిపిన దాడిలో దళాన్ని నడిపారు. మొదటి ప్రపంచయుద్ధంలోకి అమెరికా దిగిన 1917లో బ్రిగేడియర్ జనరల్ హోదా అందుబాటులోకి వచ్చింది. అప్పుడే ఆయన చేతి కింద పనిచేయలేనన్న దక్షిణాది లెఫ్టినెంట్ ఫిర్యాదు సెనెటర్ ద్వారా అధ్యక్షుడు విల్సన్ దాకా వెళ్లింది. రక్తపోటు కారణం చూపి యంగ్‌ను పదవీ విరమణ జాబితాలో చేర్చారు. తాను ఆరోగ్యవంతుడినేనని నిరూపించడానికి 1918లో ఆయన ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ నుంచి వాషింగ్టన్‌కు సుమారు 500 మైళ్లు గుర్రంపై ప్రయాణించారు. తిరిగి విధుల్లోకి తీసుకునేసరికి యుద్ధం ముగియడానికి కొద్ది రోజులే మిగిలాయి.

ఆ కాలపు బ్రిటిష్ ఇండియాలోనూ ఇదే భయం వేరే రూపంలో పనిచేసింది. 1918 నుంచి ఇంగ్లండ్‌లోని సైనిక కళాశాల శాండ్‌హర్స్ట్‌లో భారతీయులకు ఏటా పది సీట్లు ఇచ్చారు. అలా తయారైన అధికారులను 1923 నుంచి ఎంపిక చేసిన ఎనిమిది యూనిట్లకే పరిమితం చేశారు. బ్రిటిష్ అధికారి భారతీయుడి కింద పనిచేయాల్సిన పరిస్థితి రాకుండా ఉండటమే అందులోని కిటుకు.

## 47 ఏళ్ల ఖాళీ

1887లో జాన్ హాంక్స్ అలెగ్జాండర్, 1889లో యంగ్ పట్టా పుచ్చుకున్నారు. ఇద్దరూ ఉత్తరాది రాష్ట్రం ఒహాయో నుంచి నామినేట్ అయినవారే. అప్పటికే దక్షిణాదిలో నల్లజాతి ఓటును బెదిరింపులతో, కొత్త చట్టాలతో అణిచేస్తున్నారు. 1901 నుంచి 1929 వరకు అమెరికా కాంగ్రెస్‌లో నల్లజాతి సభ్యుడు ఒక్కరూ లేరు. వెస్ట్ పాయింట్‌లోని ఖాళీకీ కాంగ్రెస్‌లోని ఖాళీకీ ఉన్న సంబంధం యాదృచ్ఛికం కాదు. షికాగో నుంచి ఆస్కర్ డిప్రీస్ట్ గెలిచి ఆ ఖాళీని నింపారు. ఆయనే 1932లో బెంజమిన్ డేవిస్ జూనియర్‌ను అకాడమీకి పంపారు.

మొదటి కొద్ది రోజులు తోటివారు డేవిస్‌తో మామూలుగానే మాట్లాడారు. తర్వాత ఒక రాత్రి సమావేశం జరిగింది, మాటలు ఆగిపోయాయి. ఆ మౌనం నాలుగేళ్లు నడిచింది. ఆయన గదిలో ఆయనొక్కరే ఉన్నారు, భోజనం మౌనంగా చేశారు. ఫ్లిప్పర్ నాటి వెలి అరవై ఏళ్ల తర్వాత కూడా చెక్కుచెదరకుండా ఉందన్నమాట. స్మిత్‌కు లేనిదీ డేవిస్‌కు ఉన్నదీ ఒకటుంది. ఆయన తండ్రి స్వయంగా సైన్యంలో కర్నల్. లోపల ఏం ఎదురవుతుందో చెప్పగల మనిషి ఇంట్లోనే ఉన్నారు. 1936లో 276 మందిలో 35వ స్థానంలో డేవిస్ బయటికి వచ్చారు. వైమానిక దళానికి దరఖాస్తు పెడితే, నల్లజాతి దళం లేదు కాబట్టి నల్లజాతి పైలట్ అవసరం లేదన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో టస్కీగీ పైలట్లుగా పేరొందిన నల్లజాతి వైమానికులను నడిపించింది ఆయనే.

1948లో అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో సమాన అవకాశాలకు ఉత్తర్వు ఇచ్చాక పరిస్థితి మారడం మొదలైంది. నల్లవారి రెజిమెంటు, తెల్లవారి రెజిమెంటు అనే విభజనే పోతున్నప్పుడు ఎవరు ఎవరి కింద అన్న భయానికి వ్యవస్థలో ఆసరా లేకుండా పోయింది. నౌకాదళ అకాడమీ అనాపొలిస్‌కు తొలి నల్లజాతి విద్యార్థి 1872లోనే వచ్చినా, తొలి పట్టభద్రుడు వెస్లీ బ్రౌన్ కోసం 1949 దాకా ఆగాల్సి వచ్చింది.

## దిద్దిన రికార్డులు

ఈ పేర్లు ఇటీవలి దశాబ్దాల్లో మళ్లీ వార్తల్లోకి రావడానికి కారణం మరణానంతర దిద్దుబాట్లు. వాటిలో ఒక్కోదానికి చట్టపరంగా ఒక్కో అర్థముంది. 1976లో సైన్యపు రికార్డుల బోర్డు ఫ్లిప్పర్ తొలగింపును గౌరవప్రదమైన విడుదలగా మార్చింది. నేర నిర్ధారణను రద్దు చేసే అధికారం ఆ బోర్డుకు లేదు. అందుకే అధ్యక్షుడు క్లింటన్ 1999లో క్షమాభిక్ష ప్రకటించాల్సి వచ్చింది. స్మిత్‌కు 1997లో సెకండ్ లెఫ్టినెంట్ హోదా ఇచ్చారు. యంగ్‌కు అందకుండా పోయిన బ్రిగేడియర్ జనరల్ హోదాను 2022లో వెస్ట్ పాయింట్‌లో జరిగిన కార్యక్రమంలో ప్రదానం చేశారు.

విటేకర్ విషయం వేరు. ఆయనపై తీర్పును అధ్యక్షుడు ఆర్థర్ 1882లోనే కొట్టేశారు. చేతిరాత ఆధారాలను అనుమతించడం చెల్లదన్నది ఒక కారణం. అదే రోజు యుద్ధ మంత్రి, అబ్రహాం లింకన్ కుమారుడు రాబర్ట్ లింకన్, 1880 జూన్ పరీక్ష తప్పారన్న కారణంతో విటేకర్‌ను అకాడమీ నుంచి తీసేశారు. దాడి జరిగిన రెండు నెలలకు, విచారణ మధ్యలో రాసిన పరీక్ష అది. విటేకర్ తర్వాత ఉపాధ్యాయుడిగా, న్యాయవాదిగా బతికారు. స్మిత్ పనిచేసిన ఆరెంజ్‌బర్గ్‌లోనే ఆయనా కొంతకాలం పాఠాలు చెప్పారు. ఆయన కుమారుల్లో ఇద్దరు మొదటి ప్రపంచయుద్ధంలో సైనికాధికారులయ్యారు. 1995లో క్లింటన్ ప్రభుత్వం విటేకర్‌కు లెఫ్టినెంట్ హోదా పత్రం ఇచ్చినప్పుడు, విచారణలో ఆధారంగా తీసుకుని అప్పటిదాకా ప్రభుత్వం దగ్గరే ఉండిపోయిన ఆయన బైబిలును కూడా ఆయన వారసుల చేతికి అందించారు.